ఆ గ్యాపు మా ఆయనది

(హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక సాంస్కృతిక సంస్థ నెలవారీ సమావేశంలో టీవీ కార్యక్రమాల సౌండ్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? ఒకసారి చెయ్యెత్తండి. ఆ, సరే. ఇది అడగందే నాకు మాట మొదలవదు. పాతికేళ్ళకు పైగా ఈ ఊళ్ళో సభలకీ, కచేరీలకీ, టీవీ ఈవెంట్లకీ సౌండ్ చూస్తున్నాను. స్టేజీ మీద ఎంత పెద్దవాళ్ళున్నా నా ధ్యాస ముందు ఆఖరి వరసలో కూర్చున్నాయన మీదికే పోతుంది.

కమిటీ పెద్దలు నాకిచ్చిన ప్రశ్న ఇది: కన్నుమూసిన ఒక హాస్యనటుడికి నివాళిగా సంగీత విభావరి చేసి, దాన్ని టీవీలో చూపించాలంటే ఎలా చెయ్యాలి? ఇలాంటివి నేను చాలా చేశాను. ఇవాళ మాత్రం ఒక్కదాని చుట్టూనే తిరుగుతాను. ఆ నటుడి పేరు చెప్పను. ఆ ఇంటివాళ్ళని నేను అడగలేదు, అడక్కుండా నలుగురిలో పేరెత్తడం నాకిష్టం లేదు. నాటకాల నుంచి వచ్చినాయన, సినిమాల్లో చిన్న వేషాలూ వేశారు, పెద్ద వేషాలూ వేశారు, ఈ ఊళ్ళోనే పోయారు. మేమంతా ఆయన్ని మాస్టారు అనేవాళ్ళం. ఇంతవరకూ చాలు.

సంవత్సరీకం అయిన పది రోజులకి రవీంద్రభారతిలో కార్యక్రమం పెట్టారు. ఆ కబురు తెలియగానే నన్ను చాలామంది అడిగారు, "హాస్యనటుడికి పాటల కచేరీ ఏమిటండీ, నాలుగు స్కిట్లు వేస్తే సరిపోయేది కదా" అని. నాకు మాత్రం పాటే సరైనదనిపించింది. ఇప్పటికీ అదే అంటాను.

మన దగ్గర నవ్వించేవాడు మొదట్నుంచీ తాళంతోనే వచ్చాడండీ. తోలుబొమ్మలాట చూసినవాళ్ళు ఇక్కడ కొందరైనా ఉంటారు. నవ్వించే బొమ్మలు కేతిగాడూ బంగారక్కా తెర మీదికొస్తే ఆటా పాటా దరువూ అన్నీ కలిసే వస్తాయి. బుర్రకథ తీసుకోండి. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని నిలబడితే అటొకరు ఇటొకరు వంతలు. ఆ ఇద్దరిలో హాస్యం చెప్పే వంత చేతిలో గుమ్మెట, అంటే చేత్తో కొట్టే డోలు లాంటి వాద్యం, ఉంటుంది. మాట విసురుతాడు, దాని మీద దెబ్బా తనే వేస్తాడు. ఆ దెబ్బ మాట పక్కనే పడాలా, ఒక్క క్షణం ఆగి పడాలా అన్నది వాడి చేతికి తెలుసు. నవ్వించడమూ, తాళం వెయ్యడమూ ఒకే మనిషి పని మన సంప్రదాయంలో.

సినిమా వచ్చాక కూడా ఆ తాడు తెగలేదు. రేలంగి గారు 1910లో పుట్టారు. వాళ్ళ నాన్నగారు హరికథలు చెప్పేవారు, సంగీతం నేర్పేవారు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి కాబట్టే 1951లో పాతాళభైరవిలోనూ, 1955లో మిస్సమ్మలోనూ తన గొంతుతో తనే పాడుకున్నారు. ఆ పాటలు ఫోన్లో కాకుండా మంచి స్పీకర్ల మీద ఒక్కసారి వినండి. వేషం ఎక్కడా జారదు, అలాగని శ్రుతీ జారదు. పాడుతూ నటించడం వేరు, నటిస్తూ పాడటం వేరు. రెండోది చాలా కష్టం. 1970లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు ఆయన పాటని కూడా లెక్కలో వేసుకున్నారో లేదో గానీ, నేనైతే వేసుకుంటాను.

పద్మనాభం గారి సంగతి మీలో చాలామందికి తెలిసిందే. అయినా చెబుతాను, ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. నాటక పద్యాలతో పెరిగిన మనిషి. సొంతంగా సినిమాలు కూడా తీశారు. 1967లో వచ్చిన శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న ఆయన తీసిందే. కోదండపాణి గారి సంగీతం. ఇంజనీరింగ్ చదువుకుంటున్న ఒక కుర్రాడి చేత మొట్టమొదటిసారి సినిమాకి పాడించింది అందులోనే. ఆ కుర్రాడే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. బాలు గారి మొదటి సినిమా పాటకి డబ్బు పెట్టిన నిర్మాత ఒక హాస్యనటుడండీ! ఆ రుణం బాలు గారు ఎలా తీర్చుకున్నారో నాలాంటివాళ్ళకి బాగా తెలుసు. అల్లు రామలింగయ్య గారికి పాడితే అల్లు వారే పాడుకుంటున్నట్టు, రాజబాబుకి పాడితే రాజబాబే గొంతెత్తినట్టు పాడేవారు. అంతకు ముందు తరంలో పిఠాపురం నాగేశ్వరరావు గారూ మాధవపెద్ది సత్యం గారూ ఆ బరువు మోశారు. నవ్వుల పాట అంటే చాలు, ఆ రెండు గొంతులే గుర్తొచ్చేవి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మాస్టారి కార్యక్రమానికి రిహార్సల్ నల్లకుంటలో ఒక ఇంటి మేడ మీద జరిగింది. మొత్తం పద్నాలుగు పాటలు. మెలోడీ పాటలు ఒక్కొక్కటి మూడేసి సార్లు చూసుకున్నారు. మాస్టారి మీద తీసిన నవ్వుల పాటలు నాలుగుంటే, వాటి దగ్గరికి వచ్చేసరికి గాయకుడు కుర్రాడు, "అన్నా, ఇవి స్టేజీ మీద చూసుకుందాం, ఈజీనే కదా" అన్నాడు. డోలక్ వాయించే పెద్దాయన డోలక్ పక్కన పెట్టేశారు. ఆయన మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది. "ఒరేయ్ నాన్నా, ఏడిపించే పాటలో నువ్వు ఒక చోట తప్పినా ఏడుపు ఆగదు. ఇందులో ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే నవ్వు రాదు, మళ్ళీ తెచ్చుకోలేవు" అన్నారు. ఆ సాయంత్రం ఆ నాలుగు పాటలే రెండు గంటలు వాయించారు.

ఇక్కడున్న కుర్రాళ్ళలో ఈవెంట్లు చేసేవాళ్ళు ఉన్నారని కమిటీ వాళ్ళు చెప్పారు. మీకు ఒక మాట నొక్కి చెబుతాను. హాస్యనటుడి కార్యక్రమం ట్రాకు మీద, అంటే ముందే రికార్డు చేసిన వాద్యాల మీద, చెయ్యకండి. డబ్బు సమస్య నాకు తెలుసు. పన్నెండుమంది వాద్యగాళ్ళని పిలిస్తే వాళ్ళ భోజనాలూ, క్యాబులూ, పేమెంటూ అన్నీ ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో మైనస్ వన్, అంటే గొంతు లేని పాట, తెచ్చుకుంటే ఆ ఖర్చు ఉండదు. మెలోడీ పాటకైతే అది నడిచిపోతుంది. నవ్వుల పాటకి నడవదు. ఎందుకంటే జనం నవ్వినప్పుడు ట్రాకు ఆగదు. మొదటి చరణంలో ఒక చమత్కారం పడింది, హాలంతా నాలుగు సెకన్లు నవ్వింది. ట్రాకు తన దారిన తాను పోతుంది. గాయకుడు దాని వెనక పరిగెత్తాలి. రెండో చమత్కారం మొదటి నవ్వులో మునిగిపోతుంది. మూడోదానికి జనం నవ్వడం మానేస్తారు, మాట వినాలి కాబట్టి. తెలియకుండానే మనమే వాళ్ళ నవ్వు నొక్కేసినట్టు.

అదే ఎదురుగా మనుషులు వాయిస్తుంటే? ఆ రాత్రి రవీంద్రభారతిలో ఏమైందో చెబుతాను. రెండో నవ్వుల పాట. పల్లవి అయ్యాక మాస్టారు సినిమాలో ఒక ఎక్కిలి పెడతారు, పాటలో భాగంగానే. గాయకుడు ఆ ఎక్కిలి పెట్టాడు. ముందు వరసలు నవ్వాయి, తరవాత మధ్యలోవాళ్ళు, ఆ తరవాత బాల్కనీ. డోలక్ పెద్దాయన జనం వైపు చూశారు. చూసి, ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, మళ్ళీ మొదటికి తిప్పారు. కీబోర్డు కుర్రాడు అందుకున్నాడు. ఇంకోసారి తిప్పారు. నవ్వు తగ్గుతోంది, ఇంకొంచెం తగ్గింది, పూర్తిగా ఆగకముందే, అంటే జనం పెదాలు ఇంకా విచ్చుకునే ఉన్నప్పుడు, ఒక గట్టి దెబ్బ వేసి గాయకుడికి తలూపారు. వాడు చరణం ఎత్తుకున్నాడు. ఎక్కడ ఎత్తుకోవాలన్నది ఏ కాగితం మీదా లేదు. ఆ పెద్దాయన పాతికేళ్ళు మాస్టారి నాటకాలకి వాయించారు కాబట్టి ఆ లెక్క ఆయన వేళ్ళలో ఉంది. బుర్రకథ వంత చేతిలో గుమ్మెట అన్నానే, అదే ఇది.

ఇప్పుడు నా బల్ల దగ్గరికి వస్తాను.

టీవీకి చేసేటప్పుడు స్టేజీ మీద మైకులు ఎన్నున్నా, జనం కోసం పెట్టే మైకులే ప్రాణం. స్టేజీ అంచున ఎడమొకటి కుడొకటి, జనం వైపు తిప్పి. బాల్కనీ కింద ఇంకో రెండు. వీటిని చాలామంది చప్పట్ల కోసం పెడతారు, మిగతా టైములో మూసేస్తారు, స్పీకర్ల మోత వాటిలోకి వస్తుందని. హాస్యం ఉన్న కార్యక్రమంలో అలా మూసి తెరిచారంటే నవ్వు మొదలు తెగిపోతుంది. నవ్వుకి మొదలే ముఖ్యం. హాల్లో నవ్వు ఒక్కసారిగా రాదు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. 34 మీటర్ల దూరంలో కూర్చున్నాయనకి స్టేజీ మీద మాట చేరడానికి సెకనులో పదో వంతు, ఆయన నవ్వు స్టేజీ దాకా రావడానికి ఇంకో పదో వంతు. మన టీవీలో సెకనుకి 25 ఫ్రేములు. అంటే రానూ పోనూ ఐదు ఫ్రేములు. దానికి తోడు ఒకరికి వెంటనే అర్థమవుతుంది, ఒకరికి పక్కవాళ్ళు నవ్వాక అర్థమవుతుంది. అందుకే అసలైన నవ్వు అలలా వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకి వస్తుంది. ఆ అల వింటే ఇంట్లో సోఫాలో కూర్చున్నవాళ్ళకి కూడా తాము హాల్లో ఉన్నట్టుంటుంది.

కొని తెచ్చిన నవ్వులో ఆ అల ఉండదు. 1950లలో అమెరికా టీవీకి చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు ఒక పెట్టె తయారుచేశాడు. మీటలు నొక్కితే రకరకాల నవ్వులు వచ్చేవి. ఇవాళ ఆ పెట్టె మన ప్రతి ఎడిట్ రూములో ఒక ఫోల్డరుగా ఉంది. మామూలు కామెడీ షోకి వాడుకుంటే వాడుకోండి, వాదించను. పోయిన మనిషికి చేసే నివాళిలో మాత్రం వద్దు. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్ళ నవ్వు తెచ్చి ఆయన మాట మీద అతికించడం నాకు మనసొప్పదు.

ఏవీల గురించి ఒక మాట. స్టేజీ మీద లైట్లు తగ్గించి తెర మీద వేసే జీవిత విశేషాల వీడియో, అదే ఏవీ. వంద చూశాను. అన్నీ ఒకేలా ఉంటాయి. పుట్టిన ఊరు, సినిమాల లెక్క, అవార్డులు, చివర్లో వేణువు మీద విషాద రాగం, ఫొటోకి దండ. ఆ మనిషి పని మాత్రం అందులో కనపడదు. సుత్తి వీరభద్రరావు గారు 1988లో పోయారు. విజయవాడ రేడియోలో పనిచేసిన మనిషి. 1982లో జంధ్యాల గారి నాలుగు స్తంభాలాటతో సుత్తి అనే మాట ఆయనకీ, ఆయన జోడీ వేలు గారికీ ఇంటిపేరైపోయింది. ఆయన నటన కళ్ళు మూసుకుని విన్నా మొత్తం అందుతుంది, ఆ గొంతు మైకు దగ్గర తయారైంది కాబట్టి. ఏవీలో అది చూపించాలి కదా! ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు హైదరాబాద్ దూరదర్శన్‌లో ఆనందో బ్రహ్మతో ఇంటింటికీ తెలిశారు. మాట పూర్తిచేసి చూపు ఒక పక్కకి పెట్టేవారు, మిగతాది ఆ చూపే చెప్పేది. ఎమ్మెస్ నారాయణ గారు సినిమాలకి ముందు కాలేజీలో తెలుగు పాఠం చెప్పినాయన. తాగుబోతు వేషంలో మాట ఎంత ముద్దగా పలికినా ఏ అక్షరం ఎక్కడ విరిగిందో మనకి తెలుస్తుంది. భాష తెలిసినవాడు విరిచిన విరుపు అది.

2013 చివర్లో నెల తిరక్కుండా నవంబరు 8న ఏవీఎస్ గారూ, డిసెంబరు 7న ధర్మవరపు గారూ పోయారు. 2015 జనవరి 23న ఎమ్మెస్ గారు. ఆ రోజుల్లో ఏ స్టూడియోకి వెళ్ళినా నివాళి కార్యక్రమాలే. అన్నిటికీ ఒకే వేణువు బిట్టు. నేనూ వాడాను. లైబ్రరీలోంచి తీసి పెట్టేసేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. ముగ్గురివీ మూడు గొంతులు, మూడు నడకలు. ముగ్గురి కిందా ఒకటే సంగీతం పెట్టాం.

క్లిప్పుల సమస్య కూడా ఉంది, దాని మీద ఎక్కువసేపు తీసుకోను. సినిమాల శాటిలైట్ హక్కులు, అంటే టీవీలో వేసుకునే హక్కులు, రకరకాల ఛానెళ్ళ దగ్గర ఉంటాయి. కార్యక్రమం చేసే ఛానెల్ దగ్గర లేని సినిమా ముక్క తెర మీద వెయ్యలేరు. అందుకే ఒక్కోసారి నటుడు బాగా పేరు తెచ్చుకున్న సన్నివేశమే ఆయన నివాళిలో ఉండదు. పాటలకి ఐపీఆర్‌ఎస్, అంటే రాసినవాళ్ళ, స్వరం కట్టినవాళ్ళ హక్కులు చూసే సంస్థ, లైసెన్సు తీసుకోవాలి. 2012లో కాపీరైట్ చట్టం మారాక రాసినవాళ్ళకీ, స్వరం కట్టినవాళ్ళకీ వాటా రావాలి. అది ఎగ్గొట్టాలని చూడకండి. నవ్వుల పాట రాసినాయనకి బతికుండగా ఎలాగూ పెద్ద పేరు రాదు, ఆ వాటా అయినా వాళ్ళింటికి చేరనివ్వండి. ఉపన్యాసాలంటారా, ముగ్గురు చాలు. ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు మాత్రమే.

క్లిప్పులు దొరక్కపోవడం వల్లే మాస్టారి విషయంలో ఒక మంచి జరిగింది. వాళ్ళావిడ బీరువాలోంచి ఒక క్యాసెట్ తీసి ఇచ్చారు. ఎప్పుడో ఒక పరిషత్తు నాటకంలో ఆయన వేసిన వేషం, హాల్లో ఎవరో టేప్ రికార్డరు పెట్టి తీసింది. హిస్, అదే టేపు 'స్స్'మనే రొద, విపరీతంగా ఉంది. అందులో ఒక చిన్న ముక్క నేను ఏరుకున్నాను. మాస్టారిది ఆ నాటకంలో పేద గుమాస్తా పాత్ర. డబ్బున్న చుట్టాల ఇంటికి వెళతాడు. ఇంటాయన మర్యాదకి అడుగుతాడు, "భోంచేసే వచ్చారా?" అని. మాస్టారు, "ఆ, భోంచేసే వచ్చానండీ" అంటారు. ఆగుతారు. తరవాత అంటారు, "నిన్న."

అంతే. హాలు విరగబడి నవ్వుతుంది.

దీన్ని కచేరీలో చివరి పాట ముందు, లైట్లన్నీ తీసేసి, చీకట్లో వినిపిద్దామని అనుకున్నాం. నేను క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, హిస్ తీసేసి, గొంతు శుభ్రం చేశాను. ఎడిటర్ కుర్రాడు మంచి పనిమంతుడు, కానీ టీవీ చెయ్యి. రెండు మాటల మధ్య ఖాళీ కనపడితే చెయ్యి ఊరుకోదు. అక్కడ రెండు సెకన్లున్నాయి, యాభై ఫ్రేములు. దాన్ని పదికి కుదించాడు. నేను విన్నాను, బాగానే ఉందనుకున్నాను. ఆ మాట దాచను.

కార్యక్రమానికి రెండు రోజుల ముందు అమ్మగారు మలక్‌పేట నుంచి మనవణ్ణి వెంటబెట్టుకుని కృష్ణానగర్‌లో మా ఎడిట్ రూముకి వచ్చారు. కుర్చీ వేశాం. మనవడు హెడ్‌ఫోన్స్ ఆవిడ తలకి సర్దాడు. ప్లే చేశాం. విన్నారు. మొహంలో ఏమీ లేదు. ఇంకోసారి పెట్టమన్నారు. పెట్టాం. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని అన్నారు, "బాబూ, ఇందులో మా ఆయన లేరు."

నాకు అర్థం కాలేదు. "గొంతు మారిందామ్మా? క్లీన్ చేశాం, దానివల్లేమో" అన్నాను. "గొంతు ఉంది. మధ్యలో గ్యాపు ఏమైంది?" అన్నారు. ఎడిటర్ కుర్రాడు చెప్పాడు, టీవీలో ఖాళీ ఉంటే జనం ఛానెల్ మార్చేస్తారని. ఆవిడ కోప్పడలేదు. నెమ్మదిగా అన్నారు. "భోంచేసి వచ్చాననే మాట, నిన్న అనే మాట, రెండూ రాసినాయనవి నాయనా. ఆ గ్యాపు మా ఆయనది. ఆయన రాత్రిళ్ళు వంటింట్లో నిలబడి ఆ గ్యాపే ప్రాక్టీసు చేసేవారు. ఒకటి, రెండు అని నేను లెక్కపెట్టేదాన్ని."

అసలు క్యాసెట్ తీసి, ఏమీ క్లీన్ చెయ్యకుండా, సౌండు పెంచి మళ్ళీ విన్నాం. అప్పుడు వినపడింది. ఆ రెండు సెకన్లలో, హిస్ అడుగున, ఒక చిన్న చప్పుడు. గుటక. మాస్టారు గుటక మింగారు. వంటింట్లోంచి వాసన వస్తున్న మనిషిలాగా. నేను మురికి అనుకుని తుడిచేసింది దాన్నే. ఆ గుటక విన్నాక గానీ "నిన్న" అన్న మాటకి బలం రాదు. ఆకలి ముందు వినపడాలి, మాట తరవాత రావాలి. ఆయన ఆకలిని రెండు సెకన్లు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు హాలు నవ్వింది. ఆ నవ్వు అడుగున ఏముందో ఆ నవ్వినవాళ్ళందరికీ తెలుసు.

ఆ ముక్క హిస్‌తో సహా అలాగే ఉంచాం. రవీంద్రభారతి చీకట్లో వేశాం. "భోంచేసే వచ్చానండీ" అన్నాక ఆ రెండు సెకన్లు హాల్లో గాలి కదల్లేదు. కుర్చీ కిర్రుమనలేదు. గుటక వినపడింది. "నిన్న" వచ్చింది. ఆ తరవాత ఏడాదిగా లేని మనిషికి వచ్చిన నవ్వు నా మీటర్ల మీద చూశాను. ముందు వరసలూ, మధ్య వరసలూ, బాల్కనీ. అల వెళ్ళి తిరిగి వచ్చింది. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారని కెమెరా వాళ్ళు తరవాత చెప్పారు. నేను చూడలేదు. నా చేతులు ఫేడర్ల మీదే, అంటే సౌండు పెంచి తగ్గించే మీటల మీదే, ఉన్నాయి.

టీవీలో అది ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మూడు గంటల కార్యక్రమాన్ని గంట స్లాటుకి కుదించారు. గంటకి 12 నిమిషాలు ప్రకటనలు పోతే మిగిలేది 48. వాద్యగాళ్ళు ఆవర్తం తిప్పిన చోటు పోయింది, సాగదీసినట్టుంది అన్నారు. నాలుగు నవ్వుల పాటల్లో ఒకటే మిగిలింది. క్యాసెట్ ముక్క దగ్గర మేం పట్టుబట్టాం. రెండు సెకన్లు ఉంచుతామని మాటిచ్చారు, ఉంచారు. గ్యాపు ఉంది, గుటక ఉంది, "నిన్న" ఉంది. ఆ మాట పడగానే బ్రేక్. సబ్బు ప్రకటన. నవ్వు లేదు. నేను ఇంట్లో చూస్తున్నాను. లేచి నిలబడిపోయాను. బ్రేక్ తరవాత యాంకర్ లింకుతో వేరే పాట మొదలైంది. అది చేసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. ఆ నవ్వు కార్యక్రమంలో భాగమని వాళ్ళకి తట్టలేదు. మాట నటుడిది, నవ్వు బయటివాళ్ళది అనుకున్నారు. హాస్యనటుడి విషయంలో ఆ లెక్క కుదరదండీ. ఆయన సగమే చేస్తాడు. మిగతా సగం హాల్లో కూర్చున్నవాళ్ళు చేస్తారు. ఆ సగం కోసేస్తే మనం చూపించింది సగం మనిషినే.

రాజబాబు గారి మాట ఒకటి చెప్పి మళ్ళీ అమ్మగారి దగ్గరికి వస్తాను. రాజబాబు గారు ప్రతి ఏడూ తన పుట్టినరోజున తనకంటే ముందు సినిమాల్లోకి వచ్చినవాళ్ళని ఒకరిని పిలిచి సత్కారం చేసేవారు. రేలంగి గారూ, సూర్యకాంతం గారూ, సావిత్రి గారూ అలా ఆయన చేత సన్మానం అందుకున్నారు. అప్పటికి ఆయన బాగా బిజీగా ఉన్న నటుడు. తన పుట్టినరోజు తన పేరు మీద జరుపుకోవచ్చు. వేరేవాళ్ళకి చప్పట్లు కొట్టించారు, అదీ వాళ్ళు వింటుండగా. ఐదు పదులు నిండకుండానే 1983లో పోయారు. ఇప్పుడు మన మధ్య ఉన్న పెద్ద హాస్యనటులు, నాటకాల వాళ్ళు, నవ్వుల పాటలకి వాయించిన డోలక్ పెద్దాయన లాంటివాళ్ళు, వాళ్ళకి ఇలాంటి విభావరి చెయ్యండి. ముందు వరసలో కూర్చోబెట్టండి. నేను డబ్బు తీసుకోకుండా సౌండ్ చూస్తాను. ఈ సభలో ఈ మాట అంటున్నాను, గుర్తుపెట్టుకుని అడగండి.

టీవీలో వచ్చిన మర్నాడు అమ్మగారు ఫోన్ చేశారు. ఫిర్యాదు చెయ్యలేదు. "బాబూ, ఆ రోజు హాల్లో జనం నవ్వింది మీ దగ్గర విడిగా ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందమ్మా, జనం మైకులది వేరే ట్రాకు అన్నాను. అది కావాలన్నారు. పాటలు అక్కర్లేదా అంటే, పాటలు ఎక్కడైనా దొరుకుతాయన్నారు. ఎడమ మైకు, కుడి మైకు, మూడు గంటలు, ఏమీ కొయ్యకుండా, ఏమీ తుడవకుండా పెన్‌డ్రైవ్‌లో వేసి మలక్‌పేట పట్టుకెళ్ళి ఇచ్చాను. మనవడు టీవీకి పెట్టి వినిపిస్తానన్నాడు.

పది రోజులకి మళ్ళీ ఫోన్. "రెండో పాటలో ఎక్కిలి దగ్గర, ఎడమ వైపు ఒకాయన దగ్గుతూ నవ్వుతారు చూడండి, అందరూ ఆగాక కూడా ఆయన ఆగరు. ఆయనెవరో మీకు తెలుసా?" అని. నేను వెతికి విన్నాను. నిజమే, ఉంది. పొడి దగ్గు, మధ్యలో నవ్వు, మళ్ళీ దగ్గు. ఎవరో నాకు తెలియదమ్మా అన్నాను. "నాకూ మొహం తెలియదు నాయనా. నేనెప్పుడూ సైడ్ వింగులో ఉండేదాన్ని కదా. కానీ ఆ నవ్వు నాకు తెలుసు. ఈయన నాటకం ఈ ఊళ్ళో ఎక్కడ పడినా ఆ దగ్గు వినపడేది. వచ్చాడా అని ఈయన నన్ను అడిగేవారు మేకప్ వేసుకుంటూ. మొన్న కూడా వచ్చారన్నమాట" అన్నారు.

ఆ ట్రాకు నా దగ్గర కూడా ఒక కాపీ ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి మొదటి రోజు అదే వినిపిస్తాను, ఎడమ మైకు, నలభై ఒకటో నిమిషం. ప్రశ్నలుంటే అడగండి. వెనకవాళ్ళు కొంచెం గట్టిగా.